రెండు మిల్లీమీటర్ల సాలీడును పేరు పెట్టి పిలవాలంటే

కార్తీకం దాటాక ఒక తెల్లవారుజామున హైదరాబాద్ దాటి చేవెళ్ల వైపో శంకర్‌పల్లి వైపో వెళ్లి వరి గట్టు మీద వంగి చూడండి. గడ్డి మీద మంచుకు తడిసిన తెల్లటి దుప్పట్లు పరిచి ఉంటాయి. మరుగుజ్జు సాలీళ్ల వలలు దొరికాయని సంబరపడి మొదటి ఏడాది నేను ఫోటోల మీద ఫోటోలు తీశాను. ఒక్కటీ వాటిది కాదు. దుప్పటికి ఒక మూల గరాటులాంటి బొరియ ఉంటే అది హిప్పాసా అనే తోడేలు సాలీడు ఇల్లు. అది గడప దగ్గర కూర్చుని, పురుగు పడగానే వల పైన పరిగెత్తుతుంది. మనకు కావలసింది వల కింద తలకిందులుగా వేలాడేది, ఆవగింజంత ఉండేది. దాని వల చాలాసార్లు మీ బొటనవేలి గోరంతే. మట్టిపెళ్ల పగులు మీదో, వరి దుబ్బు మొదట్లో పిలకల మధ్యనో కట్టుకుంటుంది. మంచు లేకపోతే అక్కడ వల ఉందనే తెలియదు.

ఆ చిన్నదాన్ని పట్టి, అది ఏ కుటుంబం, ఏ ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) అని తేల్చడం ఎలాగో వరసగా చెబుతాను. పాఠానికి ఎరిగోనే అనే ప్రజాతిని తీసుకుంటున్నాను. దాని మగ సాలీడు ఒంటి మీద గుర్తులన్నీ పుస్తకంలో బొమ్మ గీసినంత స్పష్టంగా ఉంటాయి కాబట్టి నేర్చుకునేవాళ్లకు అది సులువు.

అయితే ముందే ఒక విషయం చెప్పాలి, లేకపోతే తర్వాత నన్ను తిట్టుకుంటారు. మరుగుజ్జు సాలీళ్లు లినిఫియిడే అనే పెద్ద కుటుంబంలో ఎరిగోనినే అనే ఉపకుటుంబం. దూకే సాలీళ్ల తర్వాత ప్రపంచంలో రెండో పెద్ద సాలీళ్ల కుటుంబం లినిఫియిడేనే: 600కు పైగా ప్రజాతులు, 4,800కు పైగా జాతులు. కానీ వాటిలో ఎక్కువ భాగం ఉత్తరాన ఉన్న చలి దేశాలవి. మన దేశంలోనూ హిమాలయాల వైపే ఎక్కువ. 1981లో సాలీళ్ల శాస్త్రవేత్త టికేదర్ వర్ణించిన ఎరిగోనే రోహ్‌తాంగెన్సిస్ పేరులోనే రోహ్‌తాంగ్ కొండ కనుమ ఉంది. మలేషియా లాంటి వేడి నేలల నుంచి 1982లో వర్ణించిన ఎరిగోనే బైఫర్కా కూడా ఉందనుకోండి. అయినా మన చుట్టుపక్కల వరి మళ్లలో వెతికేవాళ్లు మొదట గుర్తుంచుకోవలసిన పేరు అటిపెనా ఫార్మోసానా. ఇది భారత్‌తో సహా ఆసియా వరి పొలాల్లో నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో ఉండే మరుగుజ్జు సాలీడు. సుడిదోమ పిల్లల్ని, పచ్చదోమ పిల్లల్ని తింటుంది. రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ ఉన్న ఊరు మనది, ఆ మాత్రం పరిచయం ఉండాలి.

మొదటి అడుగు: అడిగి దిగండి

పొలం ఎవరిదో వాళ్లను అడగండి. మందు ఎప్పుడు కొట్టారో కూడా అడగండి. రెండు రోజుల క్రితం కొట్టి ఉంటే మీకు దొరికేది ఏమీ ఉండదు, పైగా ఆ నీళ్లలో చేతులు పెట్టడం మంచిది కాదు. ఒకసారి నేను దుబ్బుల మధ్య తల దూర్చి కూర్చుంటే గట్టు మీద నుంచి పెద్దాయన అడిగాడు.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా, ఏమన్న పడిపోయిందా?"

"సాలెపురుగులు కాకా. సన్నయి."

"సన్నయెందుకు? మా కొట్టంల ఇంతింత లావువి ఉన్నయి, తీస్కపో."

సుడిదోమను తినే పురుగు అని చూపించాక ఆయనే రెండు దుబ్బులు విడదీసి పట్టుకున్నాడు. నాకంటే ముందు ఆయన కంటికే కనబడింది.

నగరం లోపల, అంచుల్లో వెతకాలనుకుంటే కేబీఆర్ పార్కు, మృగవని, హరిణ వనస్థలి మూడూ జాతీయ ఉద్యానాలు. అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ ఒక్క సాలీడునూ సీసాలో వేయకండి, చూసి రావచ్చు. యూనివర్సిటీ క్యాంపస్‌లలోనూ అడిగే పట్టండి. మీ అపార్ట్‌మెంట్ లాన్, ఆకులు కుళ్లిన పూలకుండీ కింది తడి నేల మీ ఇష్టం.

రెండో అడుగు: పట్టడం, చీటీ రాయడం

వేళ్లతో పట్టకండి, నలిగిపోతుంది. దుబ్బు మొదట్లో తెల్లటి స్టీలు పళ్లెమో ప్లాస్టిక్ ట్రేనో పెట్టి పిలకల్ని తట్టండి. పడిన చెత్తలో కదిలే చుక్క కోసం చూడండి. సున్నా నంబరు పెయింటింగ్ బ్రష్‌ను ఆల్కహాల్‌లో ముంచి దాని వీపుకు తాకిస్తే అంటుకుని వస్తుంది. ఆకు చెత్తనైతే జల్లెడ పట్టండి. గరాటులో వేసి పైన బల్బు పెట్టి ఎండబెట్టే పద్ధతి కూడా ఉంది. కింద సీసాలో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి బల్బు వెలిగించి ఇంట్లోంచి బయటికి వెళ్లకండి.

సీసాలో 70 శాతం ఇథనాల్ పోయాలి. కాలేజీ ల్యాబ్‌లో ఎవరైనా తెలిసినవాళ్లుంటే ఇది సులభం. మందుల షాపు స్పిరిట్ కొంటే సీసా మీద చదవండి. నూనె కలిసినది వద్దు.

చీటీ మాత్రం అక్కడికక్కడే, పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. ఊరు, జీపీఎస్ అంకెలు, తేదీ, ఎక్కడ దొరికింది, పట్టినవారి పేరు. నేను మొదట్లో జెల్ పెన్నుతో రాశాను. ఇంటికొచ్చి చూస్తే పదకొండు సీసాల్లో నీలిరంగు నీళ్లు, తెల్లటి కాగితాలు, ఎక్కడివో తెలియని సాలీళ్లు. ఒక రోజు కష్టం మొత్తం పోయింది. ఊరు తెలియని సాలీడు విలువ సున్నా.

మూడో అడుగు: ఫ్యాన్ ఆపండి

నిజంగానే అంటున్నాను. వేడికి తట్టుకోలేక ఫ్యాన్ వేసుకుని మూత తీశారంటే ఆల్కహాల్ నిమిషాల్లో ఆవిరైపోతుంది, ఊడిన కాలు ఎగిరిపోతే మళ్లీ దొరకదు.

కావలసింది స్టీరియో మైక్రోస్కోప్. కనీసం 40 రెట్లు, 80 ఉంటే హాయి. స్కూల్లో వాడే మామూలు మైక్రోస్కోప్‌లో వెలుతురు కింద నుంచి వస్తుంది కాబట్టి సాలీడు నల్లటి నీడలా కనిపిస్తుంది. పక్క నుంచి టార్చి కొడితే కొంత పనవుతుంది. సూది మొన ఫోర్సెప్స్ రెండు కొనండి. కోఠి వైపు సర్జికల్ దుకాణాల్లో చూడండి. మొన మీద మొన సరిగ్గా కూర్చుంటోందో లేదో అక్కడే వెలుతురుకు పట్టి చూసుకోండి.

రెండు మిల్లీమీటర్ల సాలీడును పక్కకు తిప్పి నిలబెట్టడం ఎలా? చిన్న గాజు పళ్లెంలో బాగా కడిగిన సన్నటి ఇసుక ఒక పొర పోసి, మునిగేలా ఆల్కహాల్ పోయండి. ఇసుకలో సూదితో చిన్న గుంట చేసి సాలీడును అందులో ఆనించండి. ఎటు కావాలంటే అటు నిలబడుతుంది. ఫోటో తీయాలంటే ఇసుక బదులు చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ వాడండి, రంగు, మెరుపు గింజలు లేనిది. జెల్‌లో పెట్టిన కాలు పెట్టినట్టే ఉంటుంది. బుడగలు లేకుండా చూసుకోండి చాలు.

నాలుగో అడుగు: పెద్దదేనా?

ఈ ప్రశ్న దాటకుండా ముందుకు వెళ్లొద్దు. పిల్ల సాలీడును ప్రజాతి దాకా తేల్చడం దాదాపు కుదరదు, చాలా తప్పులు ఇక్కడే పుడతాయి.

ముఖం ముందు కాళ్లలాంటివి రెండు చిన్నవి ఉంటాయి, వాటిని పాల్ప్ అంటారు. వాటి కొసలు బాక్సింగ్ గ్లవ్స్ తొడిగినట్టు ఉబ్బి, ఆ ఉబ్బులో మెలికలు, కొక్కేలు కనిపిస్తే అది ఎదిగిన మగది. ఉబ్బి నున్నగా ఉంటే ఇంకొక్కసారి కుబుసం విడిచాక మగది కావలసింది. పాల్ప్ సన్నగా ఉంటే వెల్లకిలా తిప్పండి. ఉదరం అడుగున, ముందు భాగంలో అడ్డంగా ఒక గీత ఉంటుంది. దానికి ఆనుకుని ముందు వైపు గట్టి పలక, ఎర్రటి గోధుమరంగులో ఉంటే అది ఆడదాని ఎపిజైన్, అంటే జననాంగం మీది పలక. అది ఉందంటే ఎదిగినదే. పలక లేకపోతే చీటీ మీద 'పిల్ల' అని రాసి పక్కన పెట్టేయండి.

ఐదో అడుగు: కుటుంబం

సాలీడు ఒళ్లు రెండు ముక్కలు: తల, రొమ్ము కలిసిపోయిన ముందు భాగం, వెనక ఉదరం, మధ్యలో సన్నటి కాడ. ముందు భాగానికి ఎనిమిది కాళ్లు. ఒక్కో కాలికి ఏడు కణుపులు: కాక్సా, ట్రోకాంటర్, ఫీమర్, పటెల్లా, టిబియా, మెటాటార్సస్, టార్సస్. పాల్ప్‌కు మెటాటార్సస్ ఉండదు, ఆరే. ఈ వరస నోటికి రావాలి, ఇక ముందు లెక్కంతా దీని మీదే.

లినిఫియిడేకు చూడవలసినవి: ఎనిమిది కళ్లు రెండు వరసల్లో, కాలి కొసన మూడు గోళ్లు, కాళ్ల మీద సన్నటి ముళ్లు. కోరలు పుట్టే మొద్దు భాగం బయటి పక్కన, దగ్గర దగ్గరగా గీసిన సన్నటి గీతలు చాలావాటికి ఉంటాయి. దువ్వెన పళ్లను గోటితో గీసినట్టు దీని మీద పాల్ప్‌ను రాసి చప్పుడు చేస్తాయి. టార్చిని బాగా పక్కకు దించితేనే గీతలు కనిపిస్తాయి.

పుస్తకాల్లో చివర ఎక్కడో రాసే గుర్తొకటి నాకు చాలా ఇష్టం. కాలు ఊడినప్పుడు లినిఫియిడే సాలీడుకు పటెల్లా, టిబియా మధ్య ఊడుతుంది. మిగతా సాలీళ్లలో చాలావాటికి ఒంటి దగ్గరే, కాక్సా పక్కన ఊడిపోతుంది. కాబట్టి సీసాలో విరిగిన కాళ్లు చూసి విసుక్కోకండి. మోకాలి దగ్గర మొండిగా మిగిలిందంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

మోసపోయే చోట్లు: ఇంట్లో పాత పుస్తకాల మధ్య దొరికే నారింజరంగు బుల్లి సాలీడుకు కళ్లు ఆరే ఉంటే అది ఊనోపిడే. వెనక కాలి టార్సస్ అడుగున రంపంలా ముళ్ల వరస ఉంటే థెరిడియిడే. వరిలో కోరల మొద్దు పొడుగ్గా ముందుకు చాచి ఉంటే టెట్రాగ్నాథిడే.

ఆరో అడుగు: మరుగుజ్జేనా, కాదా

చిన్నగా ఉంది కాబట్టి మరుగుజ్జు అనేయకండి. ఈ కుటుంబంలో ఇతర శాఖల సాలీళ్లు కూడా రెండు మిల్లీమీటర్లే ఉండవచ్చు. ఎరిగోనినేకు గుర్తులు మూడు. మగదాని పాల్ప్ టిబియా మీద కొమ్ములాంటి పొడుచుకొచ్చిన భాగం ఉంటుంది. ఆడదాని పాల్ప్ కొసన గోరు ఉండదు. మూడోది లోపలి సంగతి: ఉదరంలో గాలి గొట్టాల మధ్య జత కొమ్మలు కొమ్మలుగా చీలి, నడుము కాడ దాటి ముందు భాగంలోకి వెళ్తుంది. అది చూడాలంటే కండ కరిగించాలి. ఇప్పుడే వద్దు, మొదటి రెండూ చాలు.

ఏడో అడుగు: ముళ్లు లెక్కపెట్టడం

ఇక్కడ టీ తాగి రండి. ఈ పని ఆకలి మీద చేయకూడదు.

ఒక పక్క నాలుగు కాళ్లూ తీసుకుని, ఒక్కో కాలి టిబియా వీపు మీద ఎన్ని ముళ్లున్నాయో వరసగా రాయాలి. ఎరిగోనేకు 2-2-2-1 వస్తుంది: ముందు మూడు కాళ్లకు రెండేసి, నాలుగోదానికి ఒకటి. వాల్కనేరియా, ఈడోథొరాక్స్ లాంటి ఇతర మరుగుజ్జు ప్రజాతులకు మామూలుగా 2-2-1-1. ముళ్లు రాలిపోతాయి, కంగారు వద్దు. ముల్లు ఊడిన చోట గుండ్రటి గుంట మిగులుతుంది, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. అనుమానంగా ఉంటే రెండో పక్క కాళ్లు చూడండి.

తర్వాత ట్రైకోబోత్రియం. గాలి కదలికను పసిగట్టే వెంట్రుక అది. మిగతా వెంట్రుకలు ఒరిగి ఉంటాయి, ఇది చిన్న గిన్నెలోంచి లేచినట్టు నిటారుగా, దారం కంటే సన్నగా నిలబడుతుంది. పళ్లేన్ని మెల్లగా కదిపితే ద్రవంలో ఇదొక్కటే ఊగుతుంది, అలా పట్టుకోవచ్చు. మొదటి కాలి మెటాటార్సస్ మీద ఇది ఎక్కడుందో కొలవాలి. మెటాటార్సస్ పొడవు 0.50 మిల్లీమీటర్లు, మొదలు నుంచి వెంట్రుక దాకా 0.22 అనుకోండి. 0.22ను 0.50తో భాగిస్తే 0.44. ఎరిగోనేకు ఈ అంకె 0.4, 0.5 మధ్య ఉంటుంది. ఇక నాలుగో కాలి మెటాటార్సస్ మీద అసలు ఈ వెంట్రుక ఉందా? ఎరిగోనేకు ఉండదు, వాల్కనేరియాకు, ఈడోథొరాక్స్‌కు ఉంటుంది. రాలిందా, లేదా అన్నది మళ్లీ గుంట చూసే తేల్చాలి.

ఎనిమిదో అడుగు: మగదాని ముఖం

ఇప్పటిదాకా లెక్కలు. ఇక్కడి నుంచి సినిమా.

ఎరిగోనే మగదాన్ని పక్క నుంచి చూడండి. ముందు భాగం అంచు పొడవునా రంపం పళ్లలా చిన్న చిన్న దంతాలు. కోరల మొద్దు మీద బొడిపెలు, పళ్లు. పాల్ప్ పొడుగ్గా ఉండి, దాని ఫీమర్ అడుగున కూడా పళ్లు. అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనిపించేది పాల్ప్ పటెల్లా కొసన కిందికి దిగిన పొడవాటి కొమ్ము. టిబియా వెడల్పై గరిటెలా విచ్చుకుంటుంది. ఇవన్నీ కలిసి ఉంటే ఎరిగోనే అనడానికి భయపడక్కర్లేదు. ఆడదానికి ఈ అలంకారం లేదు, అంచు దంతాలు కూడా ఉంటే చాలా చిన్నవి. దానికి ముళ్ల లెక్కా ఎపిజైనే గతి.

మిగతా మరుగుజ్జు ప్రజాతుల్లో మగదాని తలే వింత. వాల్కనేరియా అక్యుమినాటా మగదానికి నడినెత్తి మీద సన్నటి స్తంభం లేచి, దాని మీద కళ్లు కూర్చుంటాయి. ఈడోథొరాక్స్ గిబ్బోసస్ మగదానికి వీపు గూనిలా లేచి, గూనికి ముందు వెంట్రుకలతో నిండిన గుంట ఉంటుంది. జత కట్టేటప్పుడు ఆడది ఆ గుంటలో నోరు పెట్టి అక్కడ ఊరే ద్రవాన్ని తాగుతుంది. అదే జాతిలో గూని లేని మగవీ ఉంటాయి. చూడని కళ్లకు రెండూ రెండు జాతులే. మీ సాలీడు తల మీద గుంట, గూడు, గోపురం ఏది కనిపించినా పై నుంచి, పక్క నుంచి రెండు బొమ్మలు గీయండి. ఫోటో తీశాం కదా అని వదిలేయకండి, చెయ్యి గీస్తేనే కన్ను చూస్తుంది.

తొమ్మిదో అడుగు: పాల్ప్, ఎపిజైన్

జాతి తేలేది వీటితోనే. మగదాని ఒక పక్క పాల్ప్ తీసి, బయటి పక్క నుంచి చూడండి. గరిటెలాంటి మూత సింబియం, దాని మొదట్లో చిన్న కొక్కెం పారాసింబియం, లోపల ఉబ్బు టెగులం, చివర వీర్యాన్ని దాటించే ములుకు ఎంబోలస్. ఎప్పుడూ ఒకే పక్క పాల్ప్ తీసే అలవాటు చేసుకుంటే బొమ్మలు పోల్చడం తేలిక. ఆడదాని ఎపిజైన్‌ను సూదితో కోసి తీసి లవంగ నూనెలో పెడితే కొంతసేపటికి కండ పారదర్శకమై లోపలి సంచులు, గొట్టాలు కనిపిస్తాయి. పూర్తయ్యాక చిన్న గొట్టంలో వేసి అదే సీసాలో ఉంచాలి. వేరే చోట పెట్టారంటే ఎవరిదెవరిదో తెలియదు.

చివరిది: పేరు రాయడం

ఎరిగోనే అనే పేరును 1826లో ఆడూవన్ పెట్టాడు. ఆధార జాతి, అంటే ప్రజాతి పేరుకు ప్రమాణంగా నిలిచే జాతి, ఎరిగోనే వేగన్స్, ఈజిప్టుది. ఇప్పుడు ఆ ప్రజాతిలో జాతులు వంద చుట్టూ ఉన్నాయి. జాతి పేరు పక్కన దాన్ని మొదట వర్ణించినవారి పేరు, ఏడాది రాస్తారు. ఎరిగోనే ఆట్రా, బ్లాక్‌వాల్, 1833 అని బ్రాకెట్లు లేకుండా చూస్తే, బ్లాక్‌వాల్ మొదట వర్ణించినప్పుడే దాన్ని ఎరిగోనేలో పెట్టాడని అర్థం. అటిపెనా ఫార్మోసానా పక్కన మాత్రం ఓయి, 1977 అన్నది బ్రాకెట్లలో ఉంటుంది. అంటే మొదట వేరే ప్రజాతిలో పెట్టి తర్వాత మార్చారన్నమాట. వరి పురుగుల పాత పుస్తకాల్లో కనిపించే కాలిట్రైకియా ఫార్మోసానా ఇదే. ఈడోథొరాక్స్‌నైతే 2022లో తిరగేసి చూసి చాలా జాతుల్ని మిట్రాగెర్ లాంటి వేరే ప్రజాతులకు పంపారు. అందుకే పాత పుస్తకంలో పేరు దొరకగానే అదే ఖాయం అనుకోకుండా వరల్డ్ స్పైడర్ క్యాటలాగ్‌లో ఇప్పటి పేరు చూసుకోండి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ మ్యూజియం నడిపే ఆ సైట్ ఉచితం.

ఎక్కడిదాకా తేలితే అక్కడే ఆగండి. ముళ్ల లెక్క కుదిరింది, పాల్ప్ బొమ్మ దేనితోనూ కలవలేదంటే 'ఎరిగోనినే, ప్రజాతి తేలలేదు' అని రాయండి. ఫలానా దానిలా ఉంది కదా అని జాతి పేరు రాస్తే ఆ తప్పు ఇంకో పదిమంది జాబితాల్లోకి ఎక్కుతుంది. నా దగ్గర అలా తేలనివి నాలుగు సీసాలున్నాయి. వాటిలో ఒకదాని మీద మొదట ధీమాగా ఎరిగోనే అని రాశాను, ఏడాది తర్వాత ఇసుకలో పెట్టి చూస్తే నాలుగో కాలి మీద ఆ నిలువు వెంట్రుక తాలూకు గుంట స్పష్టంగా ఉంది.

తేలనివాటిని అత్తాపూర్‌లో ఉన్న జంతు సర్వేక్షణ సంస్థ వాళ్లకు ముందుగా ఉత్తరం రాసి, వాళ్లు రమ్మంటే తీసుకెళ్లండి. విదేశాల్లో నిపుణుడు పంపమన్నాడని కొరియర్ చేసేయకండి, నమూనాలు దేశం దాటాలంటే జీవవైవిధ్య చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఇంట్లో ఉంచుకునేవాటికి ప్రతి ఎండాకాలం ముందు మూతలు చూసి, తగ్గినంత ఆల్కహాల్ పోయండి.